పోయిన పన్ను కన్నా పక్క పళ్లే ముఖ్యం

ప్రశ్న: నా వయసు 46. కింది వరుసలో ఎడమవైపు దవడ పన్ను పుచ్చిపోతే ఏడాది కిందట తీయించుకున్నాను. ఇప్పుడు బ్రిడ్జి వేయించుకోమని ఒక డాక్టరు, ఇంప్లాంట్ మేలని మరో డాక్టరు అంటున్నారు. బ్రిడ్జి కోసం అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీయాలట. మంచి పళ్లను చేజేతులా పాడుచేసుకోవడం ఎందుకని భయంగా ఉంది. నాకు మధుమేహం కూడా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ భయంలో అర్థముంది. బ్రిడ్జి అంటే అటూ ఇటూ ఉన్న పళ్లకు క్యాపులు (తొడుగులు) వేసి, వాటి మధ్య కట్టుడు పన్నును నిలిపే ఒకే ముక్క. అరగదీయడమంటే పైపైన రుద్దడం కాదు. క్యాప్ కూర్చునేందుకు పన్ను చుట్టూ, పైనా సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల మందం తీసేస్తారు. పోయిన ఎనామిల్ (పన్ను గట్టి పైపొర) మళ్లీ పెరగదు. అలా తగ్గించిన పళ్లలో కొన్నింటికి తర్వాతెప్పుడో రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసేసే చికిత్స) అవసరం పడుతుంది కూడా. అందుకే ఖాళీని చూసి కాదు, దాని పక్కనున్న పళ్లను చూసి నిర్ణయించుకోవాలి.

ఆ రెండింటికీ ఇదివరకే రూట్ కెనాల్ అయ్యి, ఎలాగూ క్యాప్ వేయాల్సినవైతే బ్రిడ్జి చక్కని మార్గం. సర్జరీ ఉండదు, రెండు మూడు సార్లు వస్తే పని పూర్తవుతుంది. అవి చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం నేను ఇంప్లాంట్ వైపే మొగ్గుతాను. దవడ ఎముకలో టైటానియం స్క్రూ అమర్చి, అది ఎముకతో గట్టిపడేదాకా సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగాక, దాని మీద పన్ను బిగిస్తారు. ఖర్చూ ఎక్కువే. కానీ పక్క పళ్ల జోలికి వెళ్లనక్కర్లేదు.

మధుమేహం ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ కుదరదని కాదు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7 దగ్గర ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. 8 దాటితే ముందు షుగర్ అదుపులోకి తెచ్చుకోండి. షుగర్ పెరిగితే చిగుళ్లూ దెబ్బతింటాయి. చిగుళ్ల జబ్బుతో కదిలే పళ్ల మీద బ్రిడ్జి కూడా నిలవదు.

నన్ను ఆలోచింపజేస్తున్నది పన్ను తీశాక గడిచిపోయిన ఆ ఏడాది. పన్ను తీయిస్తే కంటిచూపు తగ్గుతుందని ఉత్తపుణ్యానికి భయపడేవారు, ఖాళీని ఏళ్ల తరబడి వదిలేయడానికి మాత్రం భయపడరు! అద్దం ముందు నోరు తెరిచి, ఆ ఖాళీకి ఎదురుగా పైవరుసలో ఉన్న పన్నును చూడండి. కింద ఆనుకునే పన్ను లేక అది కిందికి దిగి ఉండొచ్చు. ఖాళీ వెనకున్న పన్ను ముందుకు ఒరిగి ఉండొచ్చు. బాగా ఒరిగితే బ్రిడ్జి వేయడమూ కష్టమే, ఇంప్లాంటుకు చోటూ చాలదు. కాబట్టి ఎక్స్‌రే తీయించి, ఆ రెండు పళ్ల వేళ్లు, చుట్టూ ఎముక ఎలా ఉన్నాయో చూపించమని డాక్టరును అడగండి.

బ్రిడ్జికే సిద్ధపడితే ఒక అలవాటు తప్పదు. మూడు క్యాపులూ ఒకే ముక్క కనుక మామూలు ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) పైనుంచి పళ్ల మధ్యకు దిగదు. చివర బిరుసుగా ఉండే సూపర్‌ఫ్లాస్ దొరుకుతుంది. సూదిలో దారం ఎక్కించినట్టు దాన్ని మధ్య పన్ను కిందనుంచి దూర్చి, రోజూ రాత్రి శుభ్రం చేయాలి. పిన్నీసులతో పొడవొద్దు. శుభ్రంగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు వచ్చే బ్రిడ్జి, క్యాప్ అంచు కింద పన్ను పుచ్చితే ముందే పాడవుతుంది. రూట్ కెనాల్ అయిన పన్నయితే పుచ్చినా నొప్పి తెలియదు. అప్పుడప్పుడూ బ్రిడ్జిని వేలితో నొక్కి చూడండి. అంచున లాలాజలం బుడగలు బుడగలుగా వస్తే ఒకవైపు సిమెంటు వదిలి ఉండొచ్చు. నొప్పి లేదని ఆగకుండా ఆ వారంలోనే చూపించుకోండి.