తాగునీటి పరిశోధనల వల్ల మన ఊళ్లకు ఒరిగిందేమిటి?

నీళ్ల మీద, తిండి మీద ఇన్ని పరిశోధనలు జరుగుతున్నా మామూలు జనానికి ఒరిగిందేమిటని మీరు అడిగారు. పరకాల, హన్మకొండ ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా నా సమాధానం ఇది: ఒరిగింది చాలానే ఉంది, కానీ మన చేతికి రావలసిన సాధనం ఒకటైతే బజారు మనకు అంటగట్టింది మరొకటి.

అంటగట్టింది టీడీఎస్ మీటరు. దాన్ని నీళ్లలో ముంచి, అంకె తక్కువ వస్తే అమృతమనీ ఎక్కువ వస్తే విషమనీ తేల్చేసే ఫిల్టర్ అమ్మకందారులు మా కాలనీలో ఇప్పటికీ తిరుగుతున్నారు. నిజానికి అది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో చూసి, కరిగిన లవణాలను లెక్కగడుతుంది, అంతే. విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు దానికి కనిపించవు, ఫ్లోరైడు విడిగా తెలియదు. భారతీయ ప్రమాణాల ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు, వేరే నీరు దొరకని చోట 2000 వరకూ అనుమతి ఉంది, మలం కలిసిందని చెప్పే ఇ. కోలి బాక్టీరియా మాత్రం 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు. మనం ఈ రెండో సంగతి వదిలేసి మొదటిదాన్ని పట్టుకుని వేలాడుతున్నాం.

మన చేతికి రావలసింది, గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మంజా, ఆయన సహచరులు 1982లో ప్రచురించిన సీసా పరీక్ష. మందు పట్టించిన కాగితం ముక్క ఉన్న చిన్న సీసాలో గీత దాకా నీళ్లు పోసి వెచ్చని చోట ఉంచితే, మలం కలిసిన నీటిలో సాధారణంగా ఉండే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును విడుదల చేస్తుంది, అది మందులోని ఇనుముతో కలిసి నీటిని నల్లగా మారుస్తుంది.

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో మా తొమ్మిదో తరగతి పిల్లల చేత ఇళ్ల నుంచి నీళ్లు తెప్పించి, సీసాల్లో నింపి, పేర్లు రాసి ప్రయోగశాల బీరువా మీద పెట్టించాను. ఆ ఎండలకు వేరే వేడి అక్కరలేదు. మర్నాడు చూస్తే నల్లా దగ్గర నేరుగా పట్టిన నీళ్లు లేత పసుపు రంగులోనే ఉన్నాయి, ఊళ్లోని నీటి శుద్ధి ప్లాంటు నుంచి వచ్చిన క్యాను నీళ్లు మాత్రం కాటుకలా నల్లబడ్డాయి. అంతకన్నా ఆశ్చర్యం, ఒక అమ్మాయి తెచ్చిన సీసా కూడా నల్లబడటం. “మాది గూడ నల్లా నీళ్లే సార్, బిందెల నుంచి ముంచుకొచ్చిన” అంది. మూతలేని బిందె, అందరూ చెయ్యిపెట్టి ముంచే చెంబు; ఇక వేరే కారణం వెతకనక్కరలేదు.

సంగతి తెలిసి ప్లాంటు యజమాని మీటరు పట్టుకుని బడికే వచ్చాడు. “సార్, మా నీళ్లు యాభై దాటయి, మీరే చూడుండ్రి” అన్నాడు. ఆ అంకె నిజమే. కానీ అలాంటి యంత్రంలోని బొగ్గు పొర నీటిలోని క్లోరిన్‌ను ముందే లాగేస్తుంది కనుక, ఆ తర్వాత సరిగా కడగని క్యానులో పడ్డ నీటికి ఏ రక్షణా మిగలదు. నల్లా చివరి ఇంటి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్న నియమం అందుకోసమే. ఆ వాసన బాగోలేదని నల్లా నీళ్లు మానేసి క్యాను కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఫ్లోరైడు ఉన్న ఊళ్ల సంగతి వేరు, అక్కడ శుద్ధి యంత్రం అవసరమే. అయితే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. మనవాళ్లకు నల్లగొండ అంటే వంకర కాళ్లే గుర్తొస్తాయి, ఈ విరుగుడు ఎవరికీ గుర్తురాదు.

సీసా నల్లబడితే ఏ రోగం వస్తుందో అది చెప్పదు, గంధకం ఉన్న బోరు నీళ్లు ఊరికే నల్లబడవచ్చు కూడా. అయినా నల్లబడ్డ నీటిని మరిగించి తాగడంలో నష్టమేమీ లేదు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది కాబట్టి, మీ పంచాయతీలో కిట్టు ఎవరి దగ్గరుందో ముందు కనుక్కోండి. క్యాను నీళ్లు ఒక సీసాలో, బిందె నీళ్లు ఇంకో సీసాలో వేరువేరుగా పెట్టండి. ఎండాకాలమైతే మర్నాటికే తేలుతుంది, చలికాలమైతే రెండు రోజులు ఆగాలి.