పుండుకి ఆయింట్‌మెంట్ రాస్తున్నాం, మానట్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి 52 ఏళ్లు, ఇరవయ్యేళ్లుగా టిఫిన్ సెంటర్లో పెనం దగ్గర నిలబడే పని. పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బి ఉండేవి, నొప్పి లేదు కదా అని వదిలేశారు. ఇప్పుడు ఎడమ చీలమండ పైన లోపలి వైపు నల్లబడి, గోకితే పుండు పడింది, నాలుగు నెలలైనా మానట్లేదు. షుగర్ లేదు. ఆపరేషన్ చేస్తే కాలు చచ్చుబడిపోతుందని మా బావగారు భయపెడుతున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, తణుకు

జవాబు: అమ్మా, ముందు మీ బావగారి సంగతి. మనం నరాలు అనేస్తాం గానీ ఇవి కాలు కదిపే నరాలు కావు, చెడు రక్తాన్ని పైకి తీసుకెళ్లే సిరలు. పాడైన పై సిరని మూసేస్తే రక్తం లోపలి పెద్ద సిరల్లోంచి వెళ్లిపోతుంది, కొందరికి కొన్నాళ్లు అక్కడక్కడా తిమ్మిరి ఉంటుందంతే.

సిరల్లో రక్తం కిందికి జారకుండా కవాటాలుంటాయి, అవి వదులైతే రక్తమంతా చీలమండ దగ్గర నిలిచిపోయి, ఆ ప్రెషర్‌కి రక్తకణాలు చర్మంలోకి ఊరి వాటిలోని ఐరన్ అక్కడే ఉండిపోతుంది, మీరు చూసిన నలుపు చాలావరకు అదే. తర్వాత దురద, చర్మం చెక్కలా గట్టిపడటం, ఆఖరికి పుండు. ఇక పైపైన ఏం రాసినా ఏం లాభం చెప్పండి!

వాస్క్యులర్ సర్జన్‌కి, అంటే రక్తనాళాల డాక్టర్‌కి చూపించి, సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ నిలబెట్టి చేయించండి. పాదానికి మంచి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూశాకే గట్టి కట్టు కడతారు, కాబట్టి షాపులో బిగుతు సాక్స్ కొని మీరే వేసేయకండి, మీవారు సిగరెట్ తాగుతారంటే మరీను. కట్టుతో పాటు లేజర్‌తోనో రేడియో ఫ్రీక్వెన్సీతోనో సిరని లోపలే మూసేస్తారు, మామూలుగా మత్తింజెక్షన్ కాలికే ఇస్తారు, చాలామంది అదే రోజు నడుచుకుంటూ ఇంటికెళ్తారు. పుండు మానాక చూద్దాంలే అనుకోవద్దు. బ్రిటన్‌లో 450 మంది మీద చేసి 2018లో బయటపెట్టిన స్టడీలో, సిరని వెంటనే మూసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది, ఆలస్యం చేసినవాళ్లకి 82 రోజులు పట్టింది. అంచులు ఉబ్బుగా పెరుగుతుంటే మాత్రం చిన్న ముక్క తీసి టెస్టుకి పంపాలి.

ఈలోపు ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే కంగారుపడి పైన తాడు బిగించకండి, పడుకోబెట్టి కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి, శుభ్రమైన గుడ్డతో సరిగ్గా అక్కడే పది నిమిషాలు నొక్కిపట్టి, హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. ఒక కాలు ఉన్నట్టుండి బాగా వాచినా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమో, తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.