పాతవి గతించాయి సరే, చీటీ బాకీ?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. 2014లో చిత్తూరులో మా వీధివాళ్లతో చీటీలు వేయించేదాన్ని. పాట పాడుకున్న ఇద్దరు తర్వాత వాయిదాలు ఎగ్గొట్టారు. నేనూ కొంత ఇంటికి వాడేసుకున్నాను. తట్టుకోలేక రాత్రికి రాత్రి పిల్లల్ని తీసుకుని తిరుపతి వచ్చేశాం. ఐపీ పెట్టిందని వీధంతా అనుకున్నారు. ఇక్కడే మందిరానికి వెళ్లడం మొదలైంది, 2018లో బాప్తిస్మం తీసుకున్నాను. ఇప్పుడు మావారికి స్థిరమైన పని ఉంది. చీటీ పుస్తకం ఇంకా బీరువాలో చీరల కింద ఉంది. ఆరుగురికి కలిపి రూ.1,80,000 ఇవ్వాలి. అందులో పూలమ్ముకునే అక్కవి 15,000. మొన్న పెళ్లికని వెళ్లినప్పుడు చిత్తూరు బస్టాండులో ఆమె కనబడితే తలమీద కొంగు కప్పుకుని బస్సు వెనక్కి తప్పుకున్నాను. ఆ రాత్రి నుంచి ఒకటే టెన్షన్. పాతవి గతించాయి, వెనక్కి చూడొద్దు అంటున్నారు మా స్త్రీల కూడికలో. వదిలేయమంటారా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, దేవుడు క్షమించాడా లేదా అన్న అనుమానం మాత్రం పెట్టుకోకండి. పడమటికి తూర్పు ఎంత దూరమో అంత దూరం అని 103వ కీర్తన చెప్పింది మీకూ వర్తిస్తుంది. అయితే ఆ పదిహేను వేలు పూలక్కవి. ఆమెను అడక్కుండా వాటిని మాఫీ చేయడానికి మీ కూడికవాళ్లెవరు? పరిచర్యలోకి రాకముందు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, లెక్కల దగ్గర కాస్త కటువుగానే మాట్లాడతాను.

‘వెనుక ఉన్నవి మరచి’ అనే మాట అపొస్తలుడైన పౌలు రాసిన ఫిలిప్పీ పత్రిక 3వ అధ్యాయంలోది. అది పాపాల గురించే అనుకుంటారు చాలామంది. అదే అధ్యాయం కాస్త పైనుంచి చదవండి. పౌలు నష్టంగా ఎంచుకున్నవి ఏమిటి? బెన్యామీను గోత్రం, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడన్న పేరు, ధర్మశాస్త్రం విషయంలో నింద లేదన్న గొప్ప. నలుగురిలో తలెత్తుకుని తిరిగేలా చేసేవన్నీ. సంఘాన్ని హింసించిన సంగతి మాత్రం ఆయన మరిచిపోలేదు, శిష్యుడు తిమోతికి రాసినప్పుడు తనే ఎత్తి చెప్పుకున్నాడు. మీరు ఇంకా గట్టిగా పట్టుకున్నది, నాకు తోచినంతలో, పరువును. బస్టాండులో కొంగు కప్పింది దానికే.

బైబిల్లో ఒనేసిము అనే దాసుడి సంగతి చూడండి. యజమాని ఫిలేమోనును విడిచి వెళ్లినవాడు, చెరలో ఉన్న పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. తన దగ్గరే ఉంచుకోవాలని పౌలుకు ఎంతో ఉంది. అయినా ‘నువ్విప్పుడు కొత్త మనిషివి, ఇక్కడే ఉండిపో’ అనలేదు. ఉత్తరం రాసి యజమాని దగ్గరికే పంపాడు. అతను ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తాను అని స్వహస్తంతో రాశాడు. మీ కూడికలో వెనక్కి చూడొద్దంటున్నవాళ్లు కూడా ఆ పదిహేను వేలకు తలా ఒక చెయ్యి వేస్తే బాగుండు, అది వేరే సంగతి.

పుస్తకం బయటికి తీయండి. మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు ఎన్ని వాయిదాలు కట్టారో, ఎవరికి ఎంత ముట్టిందో రాయండి. ముందు పూలక్కది తీర్చండి. పెద్ద మొత్తాలవాళ్లు ఎలాగోలా మీ నంబరు పట్టుకుని ఫోన్ చేసి అడగగలరు, ఆమె అడగలేదు. ఫోన్‌పేలో వేసి ఊరుకోకండి, వెళ్లండి. బేరం మీద ఉన్నప్పుడు కాకుండా బుట్ట ఖాళీ అయ్యాక వెళ్లండి. మీవారినీ, సంఘ పెద్ద ఒకరినీ తోడు తీసుకెళ్లండి. ఆమె వీధంతా వినేలా తిట్టొచ్చు. వినండి. ఎగ్గొట్టిన ఇద్దరి సంగతి ఆ రోజు ఎత్తకండి. ప్రభువు మిమ్మల్ని ఎలా మార్చాడో అన్న సాక్ష్యం కూడా చెప్పకండి. బాకీ పడ్డ గుమ్మంలో వాక్యం ఎవరికి రుచిస్తుంది?

ఇక బ్యాంకు మాట. డబ్బు బాకీకి మామూలుగా మూడేళ్లలోపు దావా వేయాలి, కాబట్టి మీ బాకీకి కాలదోషం పట్టి ఉండొచ్చు. ఇంక భయం లేదు పొమ్మని ఎవరైనా అనొచ్చు. బైబిల్లో సుంకం వసూలు చేసే జక్కయ్య మీద ఎవరూ దావా వేయలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని తనే అన్నాడు. అయితే ఒక జాగ్రత్త. కాలదోషం పట్టిన బాకీ తీరుస్తానని కాగితం రాసి సంతకం పెడితే, 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం అది మళ్లీ చెల్లుతుంది. అందుకని లాయరుకు చూపించి, మీరు తీర్చగలిగినంతకే, తీర్చగలిగిన గడువుకే రాయండి. ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.

ప్రశ్న: మా పెళ్లి తిరుమలలో జరిగింది. తర్వాత ప్రభువును నమ్ముకున్నాం. ఆ పెళ్లి ఆల్బమ్ కాల్చేయమని మా అల్లుడు పట్టుబడుతున్నాడు. అందులో చనిపోయిన మా అమ్మ ఫోటోలున్నాయి.
– ఒక సోదరుడు, పలమనేరు

జవాబు: బైబిల్లో ఎఫెసు పట్టణపు విశ్వాసులు కాల్చినవి మాంత్రిక విద్య పుస్తకాలు. పెళ్లి ఫోటోల జోలికి ఎవరూ పోలేదు. అమ్మగారి ముఖం కాల్చుకుంటే మీ విశ్వాసం పెరిగేదేమీ లేదు, ఉంచుకోండి. అల్లుడుగారికి ఇంకా అభ్యంతరముంటే నాకే రాయమనండి.