జానెడంటే ఎవరి జాన?

హనుమకొండ

తమ్మీ,

నిర్మల్ నుంచి నువ్వు పంపిన బొమ్మల డబ్బా పేటెంటు ముసాయిదా అందింది. వివరణ మంచిగ రాసినవ్, డ్రాయింగులూ కుదిరినయ్. చిక్కంతా చివర, నీ హక్కుకు హద్దు గీసే వాక్యాలు, అదే క్లెయిముల కాడ ఉంది.

మొదటి క్లెయిములనే 'చిన్నపిల్ల జానెడంత డబ్బా' అన్నవ్. జానెడంటే ఎవరి జాన? ఏడాది బిడ్డదా, ఆరేళ్ల పిల్లదా? రేపు ఎవడన్న కొంచెం పెద్ద డబ్బా చేస్తే అది నీ హద్దుల ఉన్నట్టా, బయటున్నట్టా? కొలతతో పనుంటే అంకె వెయ్యి. లేకుంటే ఆ మాటే తీసెయ్యి. నాకైతే పని లేదనే అనిపిస్తున్నది. నీ కొత్తదనం మూత తిరగేస్తే ఆటబల్ల అయ్యే కాడ ఉంది గని, డబ్బా సైజుల లేదు.

రెండు లైన్ల కింద 'ఆ కొక్కెం' అని వచ్చింది. ఏ కొక్కెం? అంతకుముందు డబ్బా ఉంది, మూత ఉంది, కొక్కెం ఊసే లేదు. ముందు 'ఒక కొక్కెం' అని తెచ్చి, అది దేనికున్నదో చెప్పి, తర్వాతనే 'ఆ కొక్కెం' అనాలె. పేటెంటాఫీసు ఇంగ్లీషు, హిందీ తప్ప తీసుకోదు, నువ్వు ఇంగ్లీషుల రాసినవ్. ఇంగ్లీషు 'ఎ', 'ది' మన భాషల లేవాయె, మనవాళ్ల చెయ్యి అక్కడనే జారుతది.

నీ క్లెయిమును తెలుగు చేసి మా వీధి వడ్రంగికి చదివి వినిపించిన. డ్రాయింగు చూపలే. చెక్క మీద సుద్దతో డబ్బా గీసిండు, మూత గీసిండు, కొక్కెం కాడ చెయ్యి ఆపి 'ఇది మూతకా సార్, డబ్బాకా?' అన్నడు. పేటెంటాఫీసు ఎగ్జామినర్ రిపోర్టుల వచ్చేదీ అదే ప్రశ్న.

చివర్ల 'వగైరా' అని పెట్టినవ్. కిరాణా చిట్టీల చెల్లుతది అది. 1970 పేటెంట్ల చట్టం 10వ సెక్షను క్లెయిములు స్పష్టంగ, క్లుప్తంగ ఉండాలంటది, వివరణల చెప్పినదాని మీదనే నిలబడాలంటది.

మసకగ రాస్తే హద్దు పెద్దగైతదని నీ ఆశ కావచ్చు. నేను దానికి ఉల్టా తప్పు చేసిన. మొదట్ల ఒక పెట్టెకు 'రెండు ఇత్తడి మడతబందులు' అని మొదటి క్లెయిములనే రాసిన. ఎంత స్పష్టమో చూడు! ఎదుటోడు తోలుపట్టీ కొట్టి దర్జాగ తప్పించుకున్నడు. 'మూత తిరిగేటట్టు డబ్బాకు కలిపే జోడింపు' అనుంటే స్పష్టతా ఉండు, వెడల్పూ ఉండు. నువ్వు పెట్టిన 'పొనికి కర్ర'దీ అదే కథ. రేపు ప్లాస్టిక్‌తో చేసేటోడు నవ్వుకుంటడు. కర్రను, మొదటిదాని మీద ఆధారపడే కింది క్లెయిముకు దించు.

మొత్తం 14 రాసినవ్. 10 దాటితే పైనున్న ఒక్కోదానికి ఫీజు పడతది, చూసుకో.

తిరగరాసి పంపు. దాంతో డబ్బా కూడా ఒకటి పంపు, ఆ కొక్కెం ఎటున్నదో వడ్రంగి రోజూ అడుగుతున్నడు.

నీ అన్న