శిక్ష ఎక్కువైందని అప్పీలు వేస్తే ఇంకా పెరుగుతుందా?

ప్రశ్న: 2022లో జరిగిన ఒక స్థలం గొడవలో పక్కింటాయన చెయ్యి విరగ్గొట్టాడన్న కేసులో (ఐపీసీ 325) మా తమ్ముడికి మెజిస్ట్రేట్ కోర్టు రెండేళ్ల జైలుశిక్ష వేసింది. అదే కేసులో రెండో ముద్దాయికి ఆరు నెలలే. మావాడి మీద అంతకుముందు ఒక్క కేసూ లేదు. అప్పీలుకు వెళ్తే శిక్ష ఇంకా పెరుగుతుందని కొందరు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ముద్దాయి ఒక్కడే అప్పీలు వేసినప్పుడు పై కోర్టు శిక్ష తగ్గించవచ్చు, పెంచకూడదు. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే పాత సీఆర్‌పీసీ 386, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 427వ సెక్షన్ చెప్పేది ఇదే. 2025లో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది కూడా. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి. వేసినా మీ తమ్ముడి వాదన వినకుండా పెంచడానికి వీల్లేదు. పైగా ఆ అప్పీలులోనే అతను తనను నిర్దోషిగా వదిలేయమనీ అడగవచ్చు. ఇక శిక్ష చాలలేదని పక్కింటాయన సొంతంగా అప్పీలు వేయలేరు. ఆ సంగతి 2020లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇక అసలు విషయం. 325 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ మూడేళ్ల వరకు వేయగలరు. అంటే రెండేళ్లు ఆయన పరిధిలోనివే. "నేనైతే ఏడాదే వేసేవాణ్ని" అని మీ అప్పీలు వినే సెషన్స్ జడ్జికి అనిపించినంత మాత్రాన తీర్పు మారదు. శిక్ష ఎంతన్నది కింది కోర్టు విచక్షణ. దాన్ని సరిగ్గా వాడారా లేదా అన్నదే పై కోర్టు చూస్తుంది. జాలి చూపించి తగ్గిస్తే నిలబడదు కూడా. కారు నిర్లక్ష్యంగా నడిపి ఇద్దరి చావుకు కారణమైన కేసులో, పరిహారం ఇచ్చారన్న కారణంతో ఒక హైకోర్టు ఏడాది శిక్షను అప్పటికి గడిపిన 24 రోజులకు కుదించింది. 2015లో సుప్రీంకోర్టు దాన్ని ఆరు నెలలకు పెంచింది.

కాబట్టి "చాలా ఎక్కువండీ, దయచూడండి" అని రాసే అప్పీలు నాకు నచ్చదు. తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుని చివరి పేజీలు చదవండి. "శిక్ష గురించి ముద్దాయిని అడగగా కనికరించమని కోరాడు, కనికరించదగ్గ కారణాలేవీ కనిపించలేదు" అని రెండు ముక్కల్లో ముగించేసి ఉంటే అదే మీకు పట్టు. శిక్షపై వినడం లాంఛనం కాదని సుప్రీంకోర్టు 1976 నుంచీ చెబుతూనే ఉంది.

అన్నిటికన్నా గట్టి పాయింట్ ప్రొబేషన్. పాత శిక్షలేవీ లేనివాడికి, శిక్ష ఏడేళ్లు మించని నేరంలో, జైలు బదులు బాండు మీద వదిలే అవకాశం సీఆర్‌పీసీ 360లోనూ, 1958 నాటి ప్రొబేషన్ చట్టంలోనూ ఉంది. ఆ అవకాశం ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో ప్రత్యేక కారణాలు తీర్పులో రాయాలని 361వ సెక్షన్ అంటుంది (కొత్త చట్టంలో 401, 402). చాలా తీర్పుల్లో ఆ పేరా ఉండదు. మీదాంట్లో లేకపోతే అప్పీలు గ్రౌండ్స్‌లో (అభ్యంతరాల జాబితాలో) దాన్నే ముందు పెట్టమనండి. ప్రొబేషన్ ఇచ్చే అధికారం అప్పీలు కోర్టుకూ ఉంది.

రెండో ముద్దాయికి ఆరు నెలలే పడటం మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కర్ర మీవాడి చేతిలో ఉండి, అతను పక్కన నిలబడి ఉంటే తేడా సబబే. పాత్ర ఒక్కటే అయినా కారణం చెప్పకుండా తేడా చూపితేనే అది లోపం.

శిక్ష ఒక్కదాని మీదే అప్పీలు వేయకండి. నేరం రుజువైందన్న భాగాన్నీ ప్రశ్నించాలి. ఎముక విరిగిందనడానికి ఎక్స్‌రే ఫైల్లో ఉందా? దాన్ని చూసిన డాక్టర్ సాక్ష్యం ఇచ్చారా? అది నిలబడకపోతే కేసు మామూలు గాయానికి వర్తించే ఐపీసీ 323కి దిగుతుంది, అక్కడ గరిష్ఠ శిక్షే ఏడాది.

గడువు తీర్పు రోజు నుంచి 30 రోజులు, కాపీకి పట్టిన సమయం అందులో లెక్కలోకి రాదు. శిక్ష మూడేళ్లు మించలేదు కాబట్టి, మీవాడు బెయిల్ మీద ఉన్నవాడైతే అప్పీలు వేసేదాకా శిక్ష నిలిపివేయమని మెజిస్ట్రేట్‌నే అడగవచ్చు. తర్వాత సెషన్స్ కోర్టులో శిక్ష నిలుపుదల కోసం కొత్త చట్టం 430వ సెక్షన్ కింద మరో పిటిషన్ వేయాలి. ఈలోగా పెద్దమనుషుల ద్వారా పక్కింటాయనతో మాట్లాడి చూడండి. 325 రాజీకి వీలున్న సెక్షనే. ఆయన ఒప్పుకుని అప్పీలు కోర్టు అనుమతిస్తే కేసు కొట్టేసినట్టే, మీ తమ్ముడు నిర్దోషిగా బయటికొస్తాడు.