ఎండతో నీళ్లలోని పురుగుమందును నాశనం చేయవచ్చా?

నీళ్లలో కలిసిన పురుగుమందును ఎండ, ఉత్ప్రేరకం కలిసి నిజంగా నాశనం చేయగలవా అన్నది ప్రశ్న. చేయగలవు, కానీ అన్ని మందులనూ ఒకేలా కాదు.

ఉత్ప్రేరకంగా ఎక్కువగా వాడేది టైటానియం డయాక్సైడ్, తెల్ల పెయింట్లలో ఉండే పొడే. దాని మీద అతినీలలోహిత కాంతి పడితే ఒక ఎలక్ట్రాన్ పై స్థాయికి చేరుతుంది, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కున్నప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ అనే చాలా చురుకైన కణం పుడుతుంది. పైకి వెళ్లిన ఎలక్ట్రాన్‌ను నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే గాలి అందకపోతే పని మందగిస్తుంది. రాడికల్ మందు అణువును విడతలవారీగా విరగ్గొడుతుంది. చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు, క్లోరైడ్, ఫాస్ఫేట్ లాంటివే మిగలాలి.

అయితే ప్రతిసారీ అలా జరగదు. అట్రజిన్ అనే కలుపు మందు సాధారణంగా పూర్తిగా విరగకుండా సైనూరిక్ ఆమ్లం అనే పదార్థం దగ్గర ఆగిపోతుంది. క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగుమందులు మధ్యలో ఆక్సాన్‌గా (సల్ఫర్ చోట ఆక్సిజన్ చేరిన రూపంగా) మారవచ్చు, అది అసలు మందు కన్నా ఎక్కువ విషం. కాబట్టి టెస్టులో మందు కనిపించలేదంటే నీళ్లు బాగుపడ్డాయని అనుకోకూడదు. మొత్తం సేంద్రియ కార్బన్ ఎంత తగ్గింది, విషత్వం తగ్గిందా అన్నది తప్పక చూడాలి. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే.

ఇంకో చిక్కు కాంతిది. ఈ పొడికి దాదాపు 387 నానోమీటర్ల లోపు తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి, అంటే అతినీలలోహిత కాంతి కావాలి, ఎండలో అది సుమారు 5 శాతమే. ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడే ఫోటో-ఫెంటన్ పద్ధతి కనిపించే కాంతిలో కొంత భాగాన్నీ వాడుకుంటుంది, కానీ నీటి పీహెచ్ 3 దగ్గర, అంటే నీళ్లు బాగా ఆమ్లంగా ఉంటేనే బాగా పనిచేస్తుంది. బురద నీళ్లయితే రెండూ కష్టమే. స్ప్రేయర్లు, డబ్బాలు కడిగిన నీళ్లలాంటి తక్కువ పరిమాణానికి ఇవి సరిపోతాయి, చెరువుకో నదికో కాదు.