కంప్యూటర్ వచ్చినా ఖాతా పుస్తకం పోలేదు

అన్నగారూ, చెన్నై టీ నగర్‌లోని మీ చీరల కొట్టులో కంప్యూటర్ పెట్టి ఏడాదైనా ఖర్చే తప్ప లాభం లేదన్నారు. ఈ మొర పాతదే. కంప్యూటర్లు అంతటా కనిపిస్తున్నాయి, ఉత్పాదకత లెక్కల్లో తప్ప అని 1987లోనే ఆర్థికవేత్త రాబర్ట్ సోలో చురక వేశారు. అంతకుముందు విద్యుత్తుదీ ఇదే తంతు: ఆవిరి యంత్రం తీసి అక్కడే మోటారు బిగించిన అమెరికా ఫ్యాక్టరీలకు పెద్దగా ఒరగలేదు. ఒక్కో యంత్రానికి ఒక్కో మోటారు పెట్టి, షెడ్డు అమరికే మార్చాక 1920లలో ఫలితం దక్కింది.

మీ కొట్టులోనూ పని తీరు మారలేదు: గుమాస్తా మొదట ఖాతా పుస్తకంలో రాసి, రాత్రి అదే కంప్యూటర్లో ఎక్కిస్తున్నారని మీరే రాశారు. జీతమిచ్చి మరీ రెండుసార్లు రాయిస్తున్నారన్నమాట! ముందు ఆ పుస్తకం అటకెక్కించండి. చీర చీరకూ బార్‌కోడ్ అంటించి, ఏ రంగు కదలడం లేదో వారానికోసారి చూసి, కంచి నేతగాళ్లకు ఆ లెక్క ప్రకారమే ఆర్డరు ఇవ్వండి.